దిద్దిన గిన్నె, దిద్దని గిన్నె

మార్చి 3

నన్ను కుర్చీలమ్మ అంటారు. డెబ్బై ఆరేళ్లు. పేము కుర్చీలు అల్లడం నా పని. చదువు లేదు, సంతకం రాదు, నోరు మాత్రం ఉంది. ఇంట్లో నేనూ నా చిన్నకూతురూ ఉంటాం. మొగుడు పోయి చాలాకాలమైంది. పెద్దకూతురు పోయిన ఏడు వానల్లో పోయింది. దాని కళ్ళు మాత్రం ఇంకా పెరుగుతున్నాయి.

ఇదీ నా కేసు. నేను చెబుతుంటే చిన్నది రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయాలనీ, మధ్యలో తన తెలివి కలపకూడదనీ ముందే ఒట్టు వేయించుకున్నాను. ఇది ఎవరికీ చూపించేది కాదు. ఆ కళ్ళు పెంచుతున్న పరిశోధనశాల పెద్దల ముందు నిలబడే రోజు వస్తుంది. ఆ రోజు నా మాట తడబడకూడదు. అందుకని ఏ రోజు జరిగింది ఆ రోజు చెప్పి, మళ్లీ చదివించుకుని గుర్తు పెట్టుకుంటాను.

"ఇంకేమైనా రాయాలా?" అంటోంది చిన్నది.

చాలు. పొయ్యి మీద ఏదో మాడుతోంది, పోయి చూడు.

మార్చి 4

ఫోను సంగతి నిన్న చెప్పడం మరిచాను. మొన్న ఫోను మోగితే చిన్నది ఎత్తింది. అవతల ఎవరో ఆడపిల్ల, సంతోషం పట్టలేకుండా ఉంది. "మీ అక్కగారికి ఇవ్వండి. మంచి వార్త! ఆవిడ కళ్ళు మొలకెత్తాయి" అందట. చిన్నది ఫోను నా వైపు చాపి కొయ్యబారి నిలబడిపోయింది. నేను లాక్కున్నాను.

"ఎవరే నువ్వు? చచ్చినదాని కళ్ళతో వేళాకోళమా?"

అవతల నుంచి ఏడుపు వినబడింది. పెద్దది పోయినట్టు దానికి తెలియదు.

పెద్దది పుట్టుగుడ్డిది. కళ్ళు కాస్త చిన్నవి, ఎప్పుడూ అటూ ఇటూ కదులుతూ ఉండేవి, గదిలో ఎవరినో వెతుకుతున్నట్టు. పోయేముందు ఏడు ఒకరోజు వచ్చి, "అమ్మా, మోచేతి దగ్గర చిటికెడు చర్మం ఇచ్చి వచ్చాను. నాకెందుకు కనబడదో చూస్తారట" అంది.

"ఎందుకో తెలిస్తే కనబడుతుందా?"

"నాకు కాదులే" అంది.

మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని అల్లేవాళ్లం. కుర్చీ చట్రం మధ్యలో నిలబెట్టి అటు అది, ఇటు నేను. అది పేముపట్టీ కొసని రంధ్రంలోకి దూర్చి, గోటితో చట్రం మీద టక్ మని కొట్టేది. అందుకో అని. నేను అందుకుని బిగించి, పక్క రంధ్రంలోంచి తిరిగి పంపేదాన్ని. దాని పదో ఏటి నుంచీ మా మాటలన్నీ అవే. ఇంకో మాట లేకుండా పొద్దుగూకిన రోజులు ఎన్నో.

మార్చి 9

ఫోను చేసిన పిల్ల రమ్మంటే ఈ రోజు పరిశోధనశాలకి వెళ్లాం. మెట్లెక్కేసరికి నా మోకాళ్లు నన్ను తిట్టాయి. లోపలికి పోయేముందు మా చెప్పులు విప్పించి వాళ్ల చెప్పులు ఇచ్చారు. పైన అంగీ, తలకు టోపీ, చేతులకు పల్చటి తొడుగులు. చిన్నది నన్ను చూసి నవ్వాపుకోలేకపోయింది.

"ఆపరేషన్ చేయడానికి వచ్చినట్టున్నావే అమ్మా."

"చేస్తాను, ముందు నీ నోటికి."

ఫోను చేసిన పిల్ల ముప్పై ఏళ్లది ఉంటుంది. చేతులు పొడిగానే ఉన్నా మాటిమాటికీ తుడుచుకుంటుంది. సైన్సు పిల్ల అని పేరు పెట్టాను. గోడ వారగా ఉన్న ఒక అల్మారా తలుపు తీసి చూపించింది. లోపల చీకటి. తలుపు సందులోంచి మనిషి ఒంటి వెచ్చదనం నా మొహానికి తగిలింది.

"కడుపులో ఉన్నట్టే అనుకోండి, పెద్దమ్మగారూ."

ఇద్దరిని మోసినదాన్ని. అనుకోమంటే అనుకోవడం కష్టం కాదు. అందుకే నచ్చలేదు.

రెండు గిన్నెలు బయటకు తీసింది. అడుగున పల్చటి ఎర్రనీళ్లు, వాటిలో ఆవగింజంత పాలరంగు ముద్దలు.

"ఇవి కళ్ళా?"

"పూర్తి కళ్ళు కావండీ. కంటి వెనక ఉండే పొర, రెటీనా. వెలుతురుని పట్టి మెదడుకి కబురు పంపేది అదే. ఇవి దాని మొగ్గలు."

"చర్మం ఇస్తే కన్నెలా అయింది?"

అది కుర్చీ దగ్గరకు లాక్కుని చెప్పింది. నేను మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాను, ఇక్కడ తప్పు రాయించకూడదని. ఒంట్లో ఏ కణంలో చూసినా జన్యువులన్నీ ఉంటాయట. చర్మంలో కొన్ని మేలుకుని ఉంటాయి, కంటిలో వేరే కొన్ని. వీళ్లు ఆ చర్మం కణాన్ని వెనక్కి తీసుకెళ్లారు, ఇంకా ఏమీ కాని రోజులకి. అక్కణ్ణుంచి కంటి దారి పట్టించారు.

"దారి పడ్డాక మా చేతిలో ఏం ఉండదు. ఒక జన్యువు లేచి తన మాట చెప్పి పడుకుంటుంది. అప్పుడు ఇంకొకటి లేస్తుంది. ఏ నరకణం ముందు పుట్టాలో, ఏది తర్వాతో వాటికే తెలుసు. తొందరపెట్టినా వినవు. కడుపులో ఎన్నాళ్లు పడుతుందో గిన్నెలోనూ అన్నాళ్లే."

"కడుపులో లేమని వాటికి ఎవరూ చెప్పలేదా?"

"ఎవరు చెబుతారండీ?" అని నవ్వబోయి మానేసింది.

అన్నిటికంటే ముందు పుట్టేవి మెదడుకు తీగ పంపే నరకణాలట. వాటిని పుట్టమని చెప్పే జన్యువుకు రెండు ప్రతులుంటాయి, తండ్రి వైపుది ఒకటి, తల్లి వైపుది ఒకటి. పెద్దదానిలో రెండూ చెడ్డవి. కన్ను తయారైంది, తీగ పుట్టలేదు.

"ఒకటి నా దగ్గర నుంచి పోయిందా?"

"మీ దగ్గర ఇంకో మంచి ప్రతి ఉంది కాబట్టి మీకు కనబడుతోంది. ఇందులో మీ తప్పేం లేదండీ."

తప్పెవరిదని నేనడగలేదు.

ఒక గిన్నెలో మొగ్గల్ని ఉన్నవి ఉన్నట్టే పెంచారు. రెండో గిన్నెలో ఆ చెడిన చోటు దిద్దారు, అంతే, ఒక్క చోటు. ముందు దిద్దని దాన్ని తెర మీద పెద్దది చేసి చూపించింది. గుండ్రంగా, నున్నగా, కదలకుండా ఉంది. తర్వాత దిద్దినది పెట్టింది. చిన్నది నా భుజం పట్టుకుంది. ఆ మొగ్గ చుట్టూ వెంట్రుకల కంటే సన్నని పోగులు, నలువైపులా పాక్కుంటూ పోతున్నాయి.

"ఎక్కడికి పోతున్నాయి?"

"మెదడు కోసం వెతుకుతున్నాయండీ."

"ఉందా అక్కడ?"

"లేదు."

"దొరక్కపోతే?"

"చచ్చిపోతాయి" అని చేతులు తుడుచుకుంది.

అప్పుడు అసలు సంగతికి వచ్చింది. అదే చర్మంతో మెదడు మొగ్గ ఒకటి పెంచి దీని పక్కన అంటిస్తారట, ఈ పోగులు చేరుకోవడానికి. కానీ పెద్దది ఒప్పుకున్నది కంటి వరకే. మెదడుకి తల్లి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే పని ఆపేసి, గిన్నెలు తీసేస్తారు. మే నెల మొదట్లో పెద్దల కమిటీ కూర్చుంటుంది, అప్పటిలోగా చెప్పమంది.

"నాకేదీ వద్దు. నా కూతుర్ని నాకిచ్చేయండి" అన్నాను.

"ఇస్తే ఎక్కడ పెడతావమ్మా?" అంది చిన్నది.

మార్చి 10

దిద్దనిదే నా పెద్దది. ఆ రెండోది ఎవరో నాకు తెలియదు. రాసుకో.

మార్చి 17

మళ్లీ వెళ్లాను. కేసు కోసం. చూడకుండా ఎలా వాదిస్తాను?

ఒకరోజు విడిచి ఒకరోజు గిన్నెల్లో నీళ్లు మార్చే మనిషి ఒకడున్నాడు. పాతనీళ్లు తీసి కొత్తవి పోస్తాడు, ఆ నీళ్లే వాటికి తిండి. పాలు పట్టేవాడు అన్నాను. "ఇంట్లో కవలలు, ఇక్కడ ఇవి. నా బతుకంతా పాలు పట్టడమే అవ్వా" అన్నాడు. మంచివాడు.

నేను దిద్దని గిన్నె దగ్గర కూర్చోవాలనుకున్నాను. కానీ తెర ముందు ఉన్నది రెండో గిన్నె. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మార్చి 24

ఇది జాగ్రత్తగా రాయి.

ఆ పోగులు నేను కూర్చునే వైపే ఎక్కువ వచ్చాయి. నేననడం కాదు, తెర మీద చిన్నది కూడా చూసింది. సైన్సు పిల్లని అడిగితే, "అడుగున జిగురు అన్ని చోట్లా ఒకేలా ఉండదండీ, మెత్తగా ఉన్న వైపు పోతాయి" అంది. "అయితే గిన్నె తిప్పి పెట్టు" అన్నాను. నవ్వి, గిన్నె అంచున పెన్నుతో గీత గీసి అటుది ఇటు తిప్పి పెట్టింది.

మార్చి 31

వంగాయి. కొత్తగా వచ్చినవన్నీ నా వైపే.

సైన్సు పిల్ల చాలాసేపు కొలిచింది. "ఇన్ని తక్కువ పోగులతో ఏమీ చెప్పలేం" అంది. పాలు పట్టేవాడు, "అవ్వ రాని రోజు నాలుగు వైపులా పోతాయి మేడమ్" అన్నాడు. దానికి కోపం వచ్చింది. "నువ్వు నీళ్లు మార్చు, చాలు."

తర్వాత చేతులు తుడుచుకుంటూ గిన్నెను మళ్లీ తిప్పి పెట్టింది.

ఏప్రిల్ 2

చిన్నదానితో గొడవ. బస్సు టికెట్ల కౌంటర్లో దానికి సెలవులు అయిపోయాయట, ఇక నాతో రాలేదట.

"నేనొక్కదాన్నే పోతాను. మోకాళ్లకు నడక మంచిదన్నారు" అన్నాను.

"నాకు జ్వరం వచ్చి పడుకున్నప్పుడు కూడా నువ్వు చట్రం దగ్గర నుంచి లేవలేదమ్మా. అక్క అవతల కూర్చుని ఉందని. ఇప్పుడు గిన్నెలో గింజ కోసం మెట్లెక్కి పోతున్నావు."

"నీకు కళ్ళున్నాయి కదే."

"అదేనా నా తప్పు?"

ఇది రాయొద్దన్నాను. రాస్తోంది. ఒట్టు వేయించుకున్నది నేనే కదా.

ఏప్రిల్ 7

ఈ రోజు వాటిని విన్నాను.

గిన్నె కింద సన్నని తీగల పలక పెట్టి, దాన్ని ఒక స్పీకరుకి కలిపారు. నరకణాలు మినుకుమంటే చప్పుడు వస్తుందట. గదిలో దీపాలార్పించి, అందరినీ ఊపిరి బిగబట్టమంది సైన్సు పిల్ల.

ముందు ఏమీ లేదు. తర్వాత టక్. ఆగి, టక్ టక్.

నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను.

"వెలుతురు లేదుగా, దేన్ని చూసి కొడుతున్నాయి?" అన్నాను.

"చూసి కాదండీ. వెలుతురు పట్టే కణాలు ఇంకా పుట్టలేదు. కడుపులో బిడ్డకు కూడా ఇంతే. కళ్ళు తెరవకముందే ఈ కణాలు తమలో తామే చప్పుడు చేసుకుంటాయి. అలా చేస్తేనే దారులు గట్టిపడతాయని మా లెక్క."

"చూసేది పుట్టకముందే చెప్పేది పుట్టిందా?"

"అదే వరస."

టక్.

చీకట్లోనే ఉన్నాను. నా చేయి దానంతట అదే ముందుకు పోయింది. బల్ల అంచు తగిలి ఆగింది.

ఏప్రిల్ 9

దిద్దినది కూడా పెద్దదే. దిద్దనిది నేను కన్న పెద్దది. ఇది నేను కనాల్సిన పెద్దది.

చిన్నది పెన్ను ఆపి నా మొహం వంక చూస్తోంది. చూడకు. రాయి.

ఏప్రిల్ 14

ఒంట్లో బాగాలేదు. ఏమీ చెప్పను.

ఏప్రిల్ 16

చెప్పను.

ఏప్రిల్ 17

సైన్సు పిల్ల ఫోను చేసింది. దిద్దిన గిన్నెలో నీళ్లు మసకబారాయట. పురుగు పడిందంది, కంటికి కనబడని పురుగు. మొగ్గలన్నీ పోయాయి. "ఎలా జరిగిందో తెలియడం లేదండీ" అంటూ ఏడ్చింది.

నేను ఫోను చిన్నదానికి ఇచ్చి పెరట్లోకి పోయాను.

ఏప్రిల్ 18

రాయి. తల వంచుకుని రాయి.

పద్నాలుగో తారీకున పాలు పట్టేవాడు గిన్నె మూత తీశాడు. పక్కన నన్ను కూర్చోబెట్టుకున్నాడు, కదలనని నేను మాటిచ్చాను కాబట్టి. కొత్త సీసా అందుకోవడానికి అటు తిరిగాడు. స్పీకరు ఆ రోజు కలపలేదు. కానీ నాకు వినబడింది. అందుకో అని.

కొస అందుకోవాలంటే తొడుగుతో తెలియదు. తొడుగు తీశాను. చూపుడువేలు పెట్టాను.

వెచ్చగా ఉంది. అంతే. లాగలేదు. బిగించలేదు. పాలు పట్టేవాడు ఇటు తిరిగేసరికి నా చేయి నా ఒళ్ళోనే ఉంది.

చిన్నది, "అమ్మా, నువ్వు దాన్ని చంపావు" అంది.

"అందుకోమంటే అందుకున్నాను."

"ఎవరన్నారు? ఎవరన్నారమ్మా?"

చంపావు అన్నదాన్ని కొట్టేయమన్నాను. కొట్టేయనంటోంది.

ఏప్రిల్ 20

పాలు పట్టేవాణ్ణి పని నుంచి ఆపారు. నేను వెళ్లి సైన్సు పిల్లకి చెప్పాను, వేలు నాదే అని. అది గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

వాణ్ణి మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ఇప్పుడు కమిటీ ముందు తప్పు నాది.

ఏప్రిల్ 22

మధ్యాహ్నం కుర్చీ అల్లుతున్నాను. పెద్దది పోయాక రెండు వైపులా నేనే అల్లుతాను. పట్టీ దూర్చి, లేచి అటు వెళ్లి, లాగి, మళ్లీ ఇటు రావాలి. ఎండ గుమ్మం దాకా వచ్చింది. చిన్నది కౌంటర్లో ఉంది.

నేను ఇటే కూర్చుని ఉన్నాను. కొస అటు నుంచి వచ్చింది.

ఏప్రిల్ 23

గాలి అంటోంది చిన్నది. పేముపట్టీ తడిగా ఉన్నప్పుడు వంగి ఉంటుంది, ఆరేటప్పుడు విచ్చుకుని దానంతట అదే రంధ్రంలోంచి తన్నుకొస్తుందట. అది నిజమే. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. నిజమని నేను కూడా ఒప్పుకున్నాను.

ఆ వేలు మాత్రం కడగలేదు. గుడ్డ చుట్టుకున్నాను. లోపల ఎవరో పోగు కట్టి మెల్లగా లాగుతున్నట్టు ఉంటుంది. కేసుకు దీనితో పనిలేదు.

ఏప్రిల్ 26

సైన్సు పిల్ల మా ఇంటికి వచ్చింది. పెద్దది ఆఖరుగా అల్లిన కుర్చీలో కూర్చుంది. ఆ సంగతి అప్పుడు ఆ పిల్లకి చెప్పలేదు. చిన్నది మంచినీళ్లిచ్చింది.

"మొత్తం పోలేదు పెద్దమ్మగారూ. మీ అమ్మాయి చర్మం నుంచి వెనక్కి తీసుకెళ్లిన కణాలు కొన్ని గడ్డకట్టించి దాచాం. దిద్దినవి కూడా ఉన్నాయి. మళ్లీ మొదటి నుంచి పెంచవచ్చు. కమిటీ ఒప్పుకుంటే."

"మళ్లీ పెరుగుతాయి, మళ్లీ వెతుకుతాయి, మళ్లీ చస్తాయి. అంతేనా?"

"అందుకే మెదడు మొగ్గ అడిగాను. చేరడానికి చోటుంటే అవి బతుకుతాయేమో. చేరినవాటిలో ఏ జన్యువు మేలుకుంటుందో, చేరనివాటిలో ఏది ఆరిపోతుందో తెలుస్తుంది. తెలిస్తే, రేపు ఇలాంటి బిడ్డ పుట్టినప్పుడు…" అని ఆగింది. "ఎప్పటికో. నేను ముసలిదాన్నయ్యాక."

"అది కూడా దాని చర్మంతోనే అన్నావు కదూ?"

"అవునండీ."

దాని కన్ను దాని మెదడునే పట్టుకుని కూర్చుంటుంది, చీకటి అల్మారాలో. అవతల ఎవరూ ఉండరు. ఆ మాట నేను పైకి అనలేదు. ఆ పిల్ల లేచి వెళ్లేదాకా అలాగే కూర్చున్నాను. వెళ్లేటప్పుడు కుర్చీ చేతిని నిమిరి, "ఎంత నున్నగా అల్లారండీ" అంది.

"ఆ కుర్చీ అల్లినది నువ్వు గిన్నెలో పెంచిందే" అన్నాను.

అది కుర్చీ మీంచి చేయి తీసేసింది.

ఏప్రిల్ 27

తేల్చుకున్నాను. చిన్నదానికి చెప్పాను. మధ్యాహ్నం నుంచీ మాట్లాడటం లేదు, రాయడం మాత్రం రాస్తోంది.

మే 5

కమిటీ.

పొడుగాటి బల్ల, దాని వెనక ఐదారుగురు. పెద్దాయన గడ్డం తెల్లగా, గొంతు మెత్తగా ఉంది. నాకు కుర్చీ వేశారు. ప్లాస్టిక్కుది. పక్కన చిన్నది, గోడ దగ్గర సైన్సు పిల్ల.

"గిన్నెలో వేలు పెట్టింది మీరేనా?"

"నేనే."

"ఎందుకు?"

"మీకు చెబితే అర్థం కాదు. మీలో ఎవరూ కుర్చీలు అల్లరు."

ఒకాయన దగ్గు అడ్డం పెట్టుకుని నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు.

"చూడండమ్మా, ఆ మొగ్గకి తెలివి ఉండదు. నొప్పి తెలియదు. అది మీ అమ్మాయి కాదు. ఇది మీకు అర్థమైతేనే ముందుకు పోగలం."

"కాదన్నమాట."

"కాదు."

"కాకపోతే ఒప్పుకోమని నన్నెందుకు అడుగుతున్నారు? వీధిలో పోయే ఎవరినో అడగకపోయారా?"

నా మాట నేనన్నాను, ముందే చిన్నదానికి చెప్పి పదిసార్లు చదివించుకున్న మాట. మెదడు మొగ్గకు నేను ఒప్పుకుంటాను. కానీ అది పెద్దదాని చర్మంతో కాదు. నాదానితో. ఆ పోగులు చేరాల్సింది నా దగ్గరకు.

బల్ల చివరనున్న ఆవిడ ముందుకు వంగింది. "మీ చర్మంతో చేస్తే అది మీరే అవుతారని అనుకుంటున్నారా?"

"నేనిక్కడే ఉన్నాను కదమ్మా. కనబడటం లేదా?"

వాళ్లు సైన్సు పిల్ల వైపు తిరిగారు. అది లేచి, ఇద్దరు మనుషులవి వాడితే ఏ కణం ఎవరిదో విడదీసి చూడటం సులువవుతుందంది, పనికి మంచిదే అంది. చేతులు తుడుచుకుంటూనే చెప్పింది.

అప్పుడే చిన్నది లేచింది. నాకు ముందు చెప్పలేదు. "నాది తీసుకోండి. అమ్మకి డెబ్బై ఆరు. నేనింకా చాలాకాలం ఉంటాను. అక్క కోసం నేనిస్తాను" అంది.

నలభై తొమ్మిదేళ్లది. అందరిముందూ చొక్కా చేయి పైకి మడిచి నిలబడింది, స్కూల్లో సూది వేయించుకోవడానికి వరసలో నిలబడినట్టు.

"కూర్చోవే" అన్నాను.

"ఎందుకు కూర్చోవాలి? దానికి ఇవ్వడానికి కూడా నేను పనికిరానా?"

"నువ్వు బతికున్నదానివి. నీది నీ దగ్గరే ఉండాలి. దానికి నేను చాలు."

"అమ్మా…"

"ఒక్కదాన్నైనా మొత్తంగా ఉంచుకోనీ."

చిన్నది కూర్చుంది. చొక్కా చేయి దించుకోలేదు. ఇది రాస్తుంటే దాని పెన్ను ఇప్పుడు ఆగింది. ఆగితే ఆగనీ.

చివరకు ఒప్పుకున్నారు. షరతులు చాలానే పెట్టారు. ఫలానా గడువు దాటి పెంచకూడదు. సైన్సు పిల్ల పైన ఇంకొకరి కన్ను ఉంటుంది. ఆఖరుది నాకు. పెద్దాయన మెత్తగానే చెప్పాడు, "ఇక మీరు ఆ గదిలోకి అడుగు పెట్టకూడదమ్మా. ఎప్పటికీ."

"రాను. ఇక నేను రావాల్సిన పని లేదు" అన్నాను.

మే 12

ఈ రోజు తీశారు. మోచేతి లోపల, చిటికెడు. మొద్దుబారేలా సూది ఇచ్చారు. సైన్సు పిల్లే దగ్గరుండి చిన్న సీసాలో వేసి మూత బిగించింది. సీసా మీద నా పేరు రాయలేదు, ఏవో అంకెలు వేసింది. వెనక్కి తీసుకెళ్లడానికే నెలలు పడుతుందట. నేనింకా ఏమీ కాని రోజులకి.

పై వాటాలో ఉండే టైపు మాస్టారుని సాక్షిగా పిలిపించాను. ఇక్కడి నుంచి ఇది నా వాంగ్మూలం.

కుర్చీలమ్మ అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను. నా చర్మం ముక్క నుంచి మెదడు మొగ్గ పెంచి, నా పెద్దకూతురి కంటి మొగ్గతో కలపడానికి ఒప్పుకుంటున్నాను. దిద్దినదానితోనూ కలపాలి, దిద్దనిదానితోనూ కలపాలి. దాని నుంచి పోగులు రావని నాకు తెలుసు. అయినా పక్కన పెట్టాలి. మధ్యలో నేను పోతే పని ఆపకూడదు. నా చిన్నకూతుర్ని దేనికీ అడగకూడదు, నేను పోయాక కూడా.

"ఇంతేనా?" అన్నారు మాస్టారు, కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "మీరు పోయాక కూడా ఆ మొగ్గ బతికే ఉంటే ఏం చేయాలో రాయలేదు."

"ఎవరు ముందు పోతారో చూద్దాం మాస్టారూ. పందెం కాస్తారా?"

ఆయన నవ్వలేదు. సంతకం పెట్టి, నీళ్లు తాగకుండానే మెట్లెక్కి వెళ్లిపోయారు.

చిన్నది కట్టు విప్పి చూసి, మళ్లీ కట్టింది. కట్టడం దానికి బాగా వచ్చు. ఇన్నాళ్లూ నేను చూడలేదు.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"ఇక్కడ లేదు" అన్నాను.

కుర్చీలమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర

మొదటి సాక్షి: పై వాటా టైపు మాస్టారు

రెండో సాక్షి: చిన్నకూతురు. రాసింది కూడా నేనే. చెప్పింది చెప్పినట్టే రాశాను.